చదివి పెట్టిన సంతకం

గీతిక ఆదివారం తప్ప ఫోను చెయ్యదు. అందుకే బుధవారం పొద్దున్నే ఫోను మోగితే, పెసరట్ల పిండి కలుపుతున్న జానకీదేవి రొయ్యల మేత కొట్టువాళ్ళేమో అనుకుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను తీస్తే అవతల కూతురు. "అమ్మా" అన్న ఒక్క మాటలోనే తల్లికి సగం తెలిసిపోయింది.

మెల్‌బోర్న్‌లో గీతిక చదువుతున్న అకౌంటింగ్ కాలేజీ మూతపడింది. ఒకరోజు పొద్దున్న క్లాసుకి వెళ్తే తలుపుకి తాళం, తాళం మీద కాగితం. యజమానులు దివాలా తీశారట. ఇవాళో రేపో తెరుస్తారని పదిరోజులు చూసిందట ఆ పిల్ల. ఆ పదిరోజుల్లో మధ్యలో వచ్చిన ఆదివారం ఫోను చేసి, కార్తీక మాసం కదా, ఉపవాసాలెక్కువ చెయ్యకమ్మా అని తల్లికే జాగ్రత్తలు చెప్పింది.

"మరి కట్టిన ఫీజు?" అంది.

దానికి భయం లేదంది గీతిక. కాలేజీ మూతపడితే బయటిదేశం పిల్లల ఫీజుకి పూచీ ఉండేలా అక్కడ చట్టం చేశారట. ఇంకో కాలేజీలో చోటిప్పిస్తారు, అది కుదరకపోతే చదవని కాలానికి డబ్బు వాపసిస్తారు. తోటి పిల్లలు కొందరికి అప్పుడే సీట్లు వచ్చేశాయి కూడా.

"కానీ కట్టినట్టు రుజువు చూపించాలమ్మా. ఏజెంటు ఇచ్చిన రసీదు చెల్లదంటున్నారు. కాలేజీ కంప్యూటర్లకి సీలు వేసేశారు. ఎప్పుడు కట్టారో, ఏ ఖాతాలోంచి కట్టారో మన బ్యాంకు ఉత్తరం రాసివ్వాలి. వచ్చే బుధవారం ఆఖరు. ఏ కాలేజీలోనూ పేరు లేకపోతే వీసా కూడా ఉండదు."

ఏ ఖాతాలోంచి. ఆ మాట దగ్గర జానకీదేవి చేతిలో ఫోను బరువెక్కింది. నాన్నగారు చూసుకుంటారులే, నువ్వు కడుపునిండా తిను అని చెప్పి పెట్టేసింది. పిండి అలాగే ఉండిపోయింది.

భర్త శివరామరాజు చెరువు మీద నుంచి వచ్చి, సంగతి విని, కాళ్ళయినా కడుక్కోకుండా స్కూటరు మీద భీమవరం బ్యాంకుకి వెళ్ళాడు. ఒంటిగంటకి తిరిగొచ్చాడు. ఉత్తరం టైపు చేసిచ్చారు గానీ కింద రెండు సంతకాలు కావాలన్నారట. ఖాతా అన్నదమ్ములిద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాలట. "తమ్ముడుగారి చేత పెట్టించుకురండి, అరగంటలో ముద్ర వేసిచ్చేస్తాను" అన్నాడట మేనేజరు. అతనికేం, అది చాలా చిన్న పని.

వీళ్ళకి కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే నిరుటి వేసవికి వెళ్ళాలి.

అన్నదమ్ములిద్దరికీ కలిపి రెండు రొయ్యల చెరువులు. అన్న శివరామరాజు ఊళ్ళో ఉండి చెరువులు చూస్తాడు. తమ్ముడు శ్రీనివాసరాజు రావులపాలెంలో అరటి గెలల వ్యాపారం చేస్తాడు. చెక్కుబుక్కు కొత్తది వచ్చినప్పుడల్లా తమ్ముడు ఒక్కసారే కూర్చుని అన్ని కాగితాల మీదా సంతకాలు పెట్టి అన్న చేతికి ఇచ్చేసేవాడు. మేతకా, రొయ్యపిల్లల సీడుకా, డీజిలుకా అని అడిగేది లేదు. అన్న ఇచ్చిన కాగితం చదివి సంతకం పెట్టడమంటే అన్నని అనుమానించడమే అని వాళ్ళ నాన్నగారు నేర్పిన మర్యాద. ఊళ్ళో వాళ్ళు పిల్లలకి చూపించి చెప్పుకునే అన్నదమ్ములు వాళ్ళు.

నిరుడు రెండో చెరువు విరగ పండింది. అదే నెలలో ఏజెంటు, రెండేళ్ళ ఫీజూ ఒకేసారి కడితే వీసాకి తిరుగుండదన్నాడు. అదే పంట మీద శ్రీనివాసరాజు కూడా ఆశ పెట్టుకున్నాడు. అతని కొడుకు సూర్యతేజకి ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ సీటు మాట్లాడి ఉంచాడు. రెండింటికీ ఆ డబ్బు చాలదు. అన్నకి అడగడానికి నోరు రాలేదు, మానుకోవడానికి మనసు రాలేదు. తమ్ముడికి ఫోను చేసి, చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలింది, ఒక్క రొయ్య మిగల్లేదు అన్నాడు. తమ్ముడి సంతకం ఉన్న చెక్కు మీదే కూతురి ఫీజు కట్టాడు. గీతికకి స్కాలర్‌షిప్ వచ్చిందని ఊరికి చెప్పాడు. రొయ్యల సీమలో తెల్లమచ్చ అన్నవాణ్ణి ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు.

వాళ్ళ కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉంది. చెరువు పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగించరు. అయినవాళ్ళు అన్నం తెస్తారు. ఆ రోజు తోడికోడలు నాగవల్లి రావులపాలెం నుంచి రెండు బస్సులు మారి, క్యారేజీలో అన్నం, బెండకాయ పులుసు తెచ్చింది. జానకీదేవిని పట్టుకుని ఏడ్చింది. రొయ్యల పట్టుబడి రోజు చెరువు గట్టు మీద నిలబడి నిండు వలలు చూసిన జానకీదేవి ఆ అన్నం తింది. సూర్యతేజ బియస్సీలో చేరాడు.

ఇదంతా ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి. తేలు కుట్టిన దొంగల్లా మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోజులు నెట్టేశారు.

"పిల్లని వచ్చెయ్యమను" అన్నాడు శివరామరాజు, కంచం ముందు కూర్చుని. "పోయింది పోయింది. ఇక్కడే ఏదో చదువుకుంటుంది."

"అక్కడ దానికి ఇంకొక్క ఏడాదే ఉందండి."

"అయితే ఏం చెయ్యమంటావు? ఆ ఉత్తరంలో తేదీ ఉంది. తెల్లమచ్చ వచ్చిందని నేను చెప్పిన వారానికే ఆ డబ్బు దేశం దాటిందని రాసుంది. వాడు చదవకుండానే పెడతాడు, నాకు తెలుసు. కానీ ఎందుకన్నయ్యా అని ఒక్క మాట అడిగితే నేనేం చెప్పను?" కాసేపు అన్నం కెలికాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వాడి సంతకం ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. నేనే పెట్టెయ్యగలను."

జానకీదేవి చేతిలో గరిటె గిన్నెలో పడేసింది. పాతికేళ్ళ కాపురంలో ఆమె ఆయన మాటకి ఎదురు చెప్పింది తక్కువ. ఆ తక్కువే తన తప్పని ఆమెకిప్పుడు తోచింది.

"ఒక అబద్ధం మీద కూతుర్ని పంపించాం. ఇప్పుడు దొంగ సంతకం మీద నిలబెడదామా? రేపు అది అక్కడ పట్టా పుచ్చుకుంటే నేను ఏ మొహంతో సంతోషించను?" అంది. "మీకు తమ్ముడి ముందు తలొంచుకోవడం కష్టంగా ఉంది, అంతే. నేను ఏడాదిన్నరగా నాగవల్లి ముందు తలెత్తలేకపోతున్నాను. ఆవిడ తెచ్చిన అన్నం నాకింకా అరగలేదండి. మీరు రాకపోతే నేనే వెళ్తాను రావులపాలెం."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. కానీ మర్నాడు పొద్దున్న ఆమె చీర మార్చుకుని వచ్చేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఉత్తరం ఉన్న కవరు పట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

బస్సులో దారిపొడుగునా ఆయన కవరు రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు. సిద్ధాంతం వంతెన మీద గోదావరి కనిపించినప్పుడు మాత్రం ఆయన చేతులు జోడించాడు. ఏం మొక్కుకున్నాడో ఆమె అడగలేదు.

శ్రీనివాసరాజు మార్కెట్టు నుంచి అప్పుడే వచ్చాడు. చొక్కా నిండా అరటి జిగురు మరకలు. "అదేంటన్నయ్యా, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా" అంటూ కుర్చీలు వేశాడు. నాగవల్లి మజ్జిగ తెచ్చింది. గీతిక కాలేజీ మూతపడిందని చెబితే ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. పిల్ల తింటోందా, ఎవరింట్లో ఉంది అని నాగవల్లి పదిసార్లు అడిగింది. ఒక సంతకం కావాలని శివరామరాజు అనడమే ఆలస్యం, శ్రీనివాసరాజు జేబులోంచి పెన్ను తీసి "ఎక్కడ?" అన్నాడు.

ఉత్తరం అతని మోకాలి మీద ఉంది. పెన్ను దాని మీద ఆనింది. అన్న ఊరుకుంటే ఆ క్షణంతో అంతా గట్టెక్కిపోయేదే. జానకీదేవి నోరు తెరవబోయింది.

"ఆగు" అన్నాడు శివరామరాజు. "నిరుడు మన చెరువుకి తెల్లమచ్చ రాలేదు."

ఆ తర్వాత మిగతాదంతా చెప్పాడు. తల ఎత్తకుండా, ఎక్కడా తనని తాను వెనకేసుకు రాకుండా చెప్పాడు. ఆయన చెబుతున్నంతసేపూ శ్రీనివాసరాజు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. నాగవల్లి మటుకు భర్తనీ చూడలేదు, బావగారినీ చూడలేదు. జానకీదేవిని చూసింది.

"మీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"ఆ రోజు తెలిసే తిన్నారా?"

"తెలిసే తిన్నాను."

నాగవల్లి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని జానకీదేవి అనుకుంది. తిట్లయితే దులుపుకుంటే పోతాయి.

శ్రీనివాసరాజు పెన్ను మూత పెట్టేశాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణని చెప్పను అన్నయ్యా. సూర్యతేజ సీటు కళ్ళముందుంది. కాదనేవాణ్ణేమో. కాదనే వీలు నాకుండాల్సింది, అంతే." చొక్కా మీద జిగురు మరక గోటితో గీకాడు. "వాడు మూడు రోజులు అన్నం తినలేదు. పెదనాన్న చెరువే పోయింది, ఆయనకంటే నీకేం కష్టంరా అని నేనే కేకలేశాను."

వచ్చే రెండు పంటలూ సూర్యతేజవే, రాసిస్తానన్నాడు శివరామరాజు. అది తర్వాత సంగతన్నాడు తమ్ముడు. ముందు పిల్ల సంగతి చూడాలి, బ్యాంకు మూసేస్తారు.

అప్పుడతను కిటికీ గూట్లోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఉత్తరం వెలుతురులోకి పట్టుకున్నాడు. మొదటి లైను నుంచి చదివాడు. తేదీ చదివాడు. కట్టిన మొత్తం ఎంతో చదివాడు. తన పేరు, అన్న పేరు చదివాడు. అర్థంకాని ఇంగ్లీషు మాట దగ్గర వేలు పెట్టి ఆగి, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఒక పేజీ ఉత్తరం.

అంతా చదివి సంతకం పెట్టాడు.

శివరామరాజు తండ్రి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. ఇప్పుడు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడు అలా చదవడం అల్లరి పెట్టడం కాదు, కక్ష కాదు. ఇకమీద అన్న ఇచ్చిన ఏ కాగితమైనా తమ్ముడు ఇలాగే చదువుతాడు. కూతురి ఫీజుకి పరాయి ప్రభుత్వమైనా పూచీ పడింది గానీ, దీనికి పూచీ పడేవాళ్ళు ఎక్కడా లేరు. శ్రీనివాసరాజు లేచి వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

ఆ ఉత్తరం శుక్రవారమే బయల్దేరింది. డిసెంబరులో గీతికకి ఇంకో కాలేజీలో చోటిచ్చారు, పైసా మళ్ళీ కట్టక్కర్లేకుండా. జరిగింది తల్లి దాచకుండా చెప్పింది కాబట్టి, ఆ పిల్ల మొదట బాబాయికే ఫోను చేసి ఏడ్చింది. కానీ జానకీదేవిని ఇప్పుడడిగినా ముందు గుర్తొచ్చేది అవేవీ కావు.

ఆ రోజు వాళ్ళు కవరు తీసుకుని లేవబోతుంటే వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినిపించింది. నాగవల్లి గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకా జానకీదేవి మొహంలోకి చూడలేదు.

"అన్నం వడ్డించాను. తిని వెళ్ళండి."

"ఏ మొహం పెట్టుకుని తినను నాగవల్లీ?"

"ఆ రోజు పెట్టుకుని తిన్నారు కదా" అంది నాగవల్లి. మాట అనేశాక తనే పెదవి కొరుక్కుని, ముందుకొచ్చి తోడికోడలి చెయ్యి పట్టుకుంది. "కోపం పోలేదక్కా. ఎప్పటికి పోతుందో నాకే తెలీదు. కానీ ఇంటికొచ్చినవాళ్ళని ఆకలితో పంపలేను. రండి."

జానకీదేవి కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. నాగవల్లి చూసి, మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికి దగ్గరగా జరిపింది.