గోధుమరంగు కోటు జేబు

లంచ్ బెల్ కొట్టి పది నిమిషాలైంది. ఐదో తరగతి అమ్మాయి ఒకతె టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా స్కూలు గేటు పట్టుకుని రోడ్డు అవతలికి చూస్తోంది.

ఆమెను ఇంట్లోనూ బళ్లోనూ అందరూ టముకు అనే పిలుస్తారు. ఏ సంగతైనా ఆమె చెవిన పడితే చాలు, వీధంతా టముకు వేసినట్టే. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

రోడ్డు అవతల బ్యాంకు ఉంది. దాని షట్టర్ సగం దించి ఉంది. ఇద్దరు నిచ్చెనలెక్కి పేరు రాసిన బోర్డు దించుతున్నారు. మరో ఇద్దరు కుర్చీలు మోసుకొచ్చి వ్యానులోకి ఎక్కిస్తున్నారు.

"బ్యాంకు మునిగిపోయింది," అంది టముకు.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది పక్కనున్న స్నేహితురాలు.

"ఒకరు చెప్పడమెందుకు? కనిపిస్తోందిగా."

సాయంత్రం బడి వదిలాక సైకిల్ షాపు తాతకు చెప్పింది. బేకరీ అత్తకు చెప్పింది. మందుల షాపు దగ్గర నిలబడ్డ వాళ్లు అడగకపోయినా చెప్పింది. ఆఖరికి పెద్దమ్మ డ్రైక్లీనింగ్ షాపు చేరింది. అమ్మ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేదాకా టముకు ఉండేది అక్కడే.

పెద్దమ్మ చేతిలో ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఆగిపోయింది. చొక్కా కాలబోయే ముందు చటుక్కున ఎత్తింది.

"నిజంగానేనా?"

"బోర్డు కూడా పీకేశారు పెద్దమ్మా. నా కళ్లతో చూశాను."

పెద్దమ్మ కుడి మణికట్టుకు ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉంటుంది. ఆ బరువు పెట్టె ఎత్తీ ఎత్తీ నొప్పి. ఆవిరితో నడిచే మెషిను కొనాలని నాలుగేళ్లుగా ఆ బ్యాంకులో డబ్బు దాస్తోంది. ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

మర్నాడు బ్యాంకు తెరిచే వేళకే వెళ్లింది. పక్క తలుపు దగ్గర ఒక్క కౌంటరు పనిచేస్తోంది. ఇస్తున్నప్పుడే తీసుకోవాలనుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా ఉన్నదంతా తీసుకుంది. ఇంట్లో బీరువాకు తాళం సరిగా పడదు. షాపు గల్లాపెట్టె అందరికీ తెలిసిందే. ఆలోచించగా ఆలోచించగా హ్యాంగర్ల వరస చివర వేలాడుతున్న గోధుమరంగు కోటు కనిపించింది. ఎవరో ఉతకడానికి ఇచ్చి రెండేళ్లయింది, మళ్లీ రానేలేదు. డబ్బు కవరులో పెట్టి, కోటు లోపలి జేబులో దోపి, పైన పిన్నీసు పెట్టింది. ఈ సంగతి టముకుకు మాత్రం చెప్పలేదు.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు సాయంత్రం పెద్దమ్మ సబ్బుపొడి కొనడానికి వెళ్తూ టముకును కౌంటరు దగ్గర కూర్చోబెట్టింది. అప్పుడొచ్చాడు ఒక పొడుగాటి మనిషి, రంగు వెలిసిన రసీదు పట్టుకుని.

టముకు నంబరు చూసి, ట్యాగులు వెతికి, గోధుమరంగు కోటు తీసిచ్చింది. ఊరికే ఇవ్వలేదు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు, ఏం పని చేస్తారు, ఇప్పుడెక్కడికి, అన్నీ అడిగింది.

"ఓడలో వంట చేస్తానమ్మా," అన్నాడాయన. "రెండేళ్లకు ఒడ్డెక్కాను. మళ్లీ ఆరింటి బస్సుకు రేవుకు వెళ్లిపోవాలి."

పెద్దమ్మ తిరిగొచ్చేసరికి ఐదున్నర. హ్యాంగర్ల వరస చివర ఖాళీ.

"ఆ కోటేదే?"

"దాని మనిషొచ్చాడు పెద్దమ్మా. ఇచ్చేశాను. డబ్బులు కూడా కరెక్టుగా తీసుకున్నాను."

పెద్దమ్మ కౌంటరు పట్టుకుని స్టూలు మీద కూలబడింది. కోటు జేబులో ఏముందో చెప్పడానికి ఆమెకు రెండు మాటలే పట్టాయి.

"ఆరింటి బస్సు పెద్దమ్మా. రేవు బస్సు. రా, పరిగెత్తుదాం."

షట్టర్ కూడా దించకుండా పరిగెత్తారు. బస్‌స్టాండులో రేవు బస్సు అప్పటికే ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంది. కిటికీ పక్కన గోధుమరంగు కోటు కనిపించింది. టముకు బస్సు రేకు మీద రెండు చేతులతో బాదింది.

"ఏమ్మా, బిల్లు తక్కువైందా?" అన్నాడు ఓడ వంటమనిషి తల బయటికి పెట్టి.

పెద్దమ్మకు ఊపిరి అందక మాట రాలేదు. "లోపలి జేబు," అంది టముకు. "లోపలి జేబులో మా పెద్దమ్మ డబ్బుంది."

ఆయన చేయి పెట్టి చూశాడు. "ఏదో గుచ్చుకుంటుంటే మీ షాపు చీటీ అనుకున్నాను," అంటూ పిన్నీసు తీసి, కవరు పెద్దమ్మ చేతిలో పెట్టాడు. బస్సు కదిలింది.

ఇద్దరూ నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. దారిలో టముకు అడిగింది.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా? తెలిసుంటే ఇచ్చేదాన్నా?"

"నీకు చెబితే ఇంకేమైనా ఉందా? పొద్దుటికల్లా వీధంతా ఆ జేబు గురించే మాట్లాడుకునేది."

పెద్దమ్మ కోప్పడలేదు, ఉన్నమాట అంది. టముకుకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇంటి దాకా తల వంచుకునే నడిచింది.

మర్నాడు బడికి సెలవు. పొద్దున్నే టముకే పెద్దమ్మ చేయి పట్టుకుని బ్యాంకుకు తీసుకెళ్లింది. పైన కొత్త బోర్డు మెరుస్తోంది. లోపల నేలంతా కొత్త టైల్స్. వ్యానులో వెళ్లిన కుర్చీలు కొత్త సీట్లు కుట్టించుకుని తిరిగొచ్చాయి.

"మీరు మునిగిపోలేదా?" అని అడిగింది టముకు కౌంటరులో ఆవిడను.

"రిపేర్లు చేయించాం," అంది క్లర్కు నవ్వుతూ.

"ఒకవేళ నిజంగా మునిగితే?"

క్లర్కు నవ్వు ఆపి, తలుపు మీద అంటించిన కాగితం చూపించింది. "అది చదివావా? డిపాజిట్ ఇన్సూరెన్స్. బ్యాంకు మూతపడినా, దాచుకున్న డబ్బు ఒక పరిమితి దాకా తిరిగి ఇప్పించే ఏర్పాటు ప్రభుత్వం చేసింది. ఆ ఇన్సూరెన్స్‌కు మీ పెద్దమ్మ ఏమీ కట్టక్కర్లేదు, బ్యాంకే కడుతుంది."

"వెంటనే ఇస్తారా?" అంది పెద్దమ్మ.

"కొన్నాళ్లు పట్టొచ్చమ్మా. కానీ వస్తుంది. మీ పేరు మీద మొన్నటిదాకా ఇక్కడున్నదంతా కలిపి లెక్కేసినా, అది ఆ పరిమితికి చాలా లోపే."

"కోటు జేబులో డబ్బు పోతే?" అంది టముకు.

"దానికి ఎవరూ ఇవ్వరు," అంది క్లర్కు. పెద్దమ్మ కవరు తీసి కౌంటరు మీద పెట్టింది.

బయటికొచ్చాక టముకు తలుపు మీది కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. తర్వాత సైకిల్ షాపుకు వెళ్లింది.

"తాతా, బ్యాంకు మునగలేదు. నేను అడక్కుండా చెప్పేశాను. తప్పు నాదే. ఇవాళ అడిగి వచ్చాను."

తాత అప్పటికే ఆ మాట తన తమ్ముడికి చెప్పాడట. తమ్ముడి ఇంటికి కూడా వెళ్లింది. బేకరీ అత్త ఒక పట్టాన నమ్మలేదు. ఆమెను తలుపు దగ్గరికి తీసుకొచ్చి కాగితం చదివించింది. మొదటి మాట వీధంతా పాకడానికి ఒక్క సాయంత్రం చాలింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి రెండు రోజులు పట్టింది, కాళ్లు పీకాయి.

రెండో రోజు సాయంత్రం షాపు మూసేముందు పెద్దమ్మ ఆమెను దగ్గరికి పిలిచింది.

"ఇదుగో, పాస్‌బుక్ ఇక్కడ పెడుతున్నాను. చూశావుగా?"

టముకు చూసింది.

మర్నాడు లంచ్ బెల్ కొట్టారు. స్నేహితురాలు పక్కకు జరిగి కూర్చుంది. "మీ పెద్దమ్మ డబ్బు మళ్లీ దాచిందా?"

"బ్యాంకులో వేసింది."

"మరి పాస్‌బుక్? అదెక్కడ పెట్టింది?"

టముకు డబ్బా మూత తీసి, ఇంత పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది.