నాలుగింటికి వచ్చే సాలీడు

ప్రకాష్‌ని పట్టపగలు, వేటపాలెంలోని అతని నెట్ సెంటర్లోనే, కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. పక్క క్యాబిన్లో చాటింగ్‌లో మునిగిపోయిన ఇద్దరికి చప్పుడే తెలియలేదు. క్యాష్ కౌంటర్ ముట్టుకోలేదు. పోయింది ఒక్కటే, పాస్‌వర్డులు రాసుకున్న అతని పాకెట్ డైరీ.

2002 సెప్టెంబరు అది. మర్నాడు పొద్దున్నే గుంటూరులో ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ వెనక గదిలో ఏజెంట్ త్రినాథ్ తుమ్ముకుంటూ నిలబడ్డాడు. డిపార్ట్‌మెంటుకి అంతకంటే మంచి గది ఎప్పటికి దొరుకుతుందో ఆ పైవాడికే తెలియాలి. చీఫ్ బాలస్వామి మాత్రం ఆ ఘాటుకి ఎప్పుడో అలవాటుపడ్డాడు.

"ప్రకాష్ ఎవరు సార్?"

"పర్చూరు వైపు ఓ మిషన్ ఆసుపత్రి వెబ్‌సైట్ చూసుకునేవాడు. పురుగుమందు ఒంటికెక్కితే ఏం చేయాలో డాక్టర్లనడిగి ఒక పేజీ రాశాడు. చిన్న ఊళ్ల డాక్టర్లు నెట్‌లో వెతికితే అదే ముందొచ్చేది."

"అందుకు చంపుతారా?"

"హార్వెస్ట్ చంపుతుంది. ఫారిన్ ముఠా. నకిలీ విరుగుడు ఇంజెక్షన్లు అమ్ముతుంది. అసలు విరుగుడు అట్రోపిన్ ఇవ్వొద్దని వాళ్ల పేజీలో రాసుకుంది. అది నమ్మిన డాక్టర్లు పోయిన వారం యలమందయ్య అనే కౌలు రైతుని చేజేతులా చంపుకున్నారు. ఇది పత్తికి మందు కొట్టే నెల, త్రినాథ్. ఇంకెంతమందో!"

బాలస్వామి ఫైలు తెరిచాడు. "సెర్చ్ ఇంజన్లు రెండు. కోడ్ నేమ్స్ హాజరుపట్టీ, పేరయ్య. హాజరుపట్టీ ఒక పేజీకి ఎన్ని సైట్లు లింకిచ్చాయో తలలు లెక్కపెడుతుంది. హార్వెస్ట్ నాలుగు వేల దొంగ సైట్లు పెట్టి అక్కడ ఫస్ట్ వచ్చేసింది. పేరయ్య అలా కాదు. లింకిచ్చింది ఎవరు, వాళ్లని నమ్మి లింకిచ్చిన పెద్దమనుషులెవరు అని కూపీ లాగుతుంది."

"దానికి నాలుగు వేల అనామకుల కంటే ఒక్క ఆసుపత్రి మాట ఎక్కువ."

"అదీ సంగతి. లింకివ్వమని ప్రకాష్‌ని అడిగారు. పేజీ చదివి ఛీ కొట్టాడు. చంపి, డైరీ పట్టుకుపోయి, ఆసుపత్రి సైట్లో వాళ్లే లింక్ పెట్టుకున్నారు. పాస్‌వర్డ్ మార్చేశారు. సర్వర్ విదేశంలో ఉంది. ఆపించాలంటే ఫ్యాక్సులు, మూడు రోజులు. పేరయ్య సాలీడు, అంటే సైట్లన్నీ చదివిపోయే ప్రోగ్రాం, నెలకోసారి వస్తుంది. ఇవాళ నాలుగింటికని లిడియా కబురు. అది చదివిపోతే ఇంక నెల దాకా ఏం చేయలేం."

లిడియా డబుల్ ఏజెంట్. హార్వెస్ట్ జీతం, మన జీతం రెండూ తీసుకుంటుంది.

మధ్యాహ్నానికి త్రినాథ్ సఫారీ సూట్ వేసుకుని, వ్యాపారి వేషంలో వేటపాలెం జీడిపప్పు బట్టీ దగ్గర దిగాడు. పొగలో నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, ఖరీదైన సెంటు వాసన.

"గుండ్లున్నాయా?"

"బద్దలే మిగిలాయి."

కోడ్ సరిపోయింది. లిడియా కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. "డైరీ సంగతి వాళ్లకి చెప్పింది నేనే. చంపుతారనుకోలేదు."

"అనుకోవాల్సింది," అన్నాడు త్రినాథ్. అంతకంటే మెత్తగా మాట్లాడటం అతనివల్ల కాలేదు.

నెట్ సెంటర్‌కి పోలీసులు సీలు వేశారు. ఇద్దరూ ప్రకాష్ ఇంటికెళ్లారు. అక్కడ కంప్యూటర్ ఉంది, నెట్‌కొకటి, మాటలకొకటి రెండు ఫోన్ లైన్లున్నాయి. ముందు గదిలో శవపేటిక ఉంది. నాలుగింటికే భూస్థాపన. లిడియా లిప్‌స్టిక్ మూత విప్పి లోపలి పెన్ డ్రైవ్ కంప్యూటర్‌కి పెట్టింది. దొంగ సైట్ల తాళం అందులోనే ఉంది. ఎంటర్ నొక్కింది. నాలుగు వేలూ మాయం.

మిగిలింది ఆసుపత్రి లింకు.

"పన్నెండు మంచి సైట్లు ఆసుపత్రికి లింకిచ్చాయి. పేరయ్య నమ్మకమంతా అక్కణ్ణుంచే," అన్నాడు త్రినాథ్. ప్రకాష్ పేజీకి నకలు తీసి కొత్త అడ్రసులో పెట్టాడు. "ఆ పన్నెండూ ఇటు తిరిగితే ఆసుపత్రి లింకుకి బలం ఉండదు."

ఫోన్లు మొదలుపెట్టాడు. వ్యవసాయ కాలేజీ, చర్చిలు, డాక్టర్ల సంఘం.

"ఎవరండీ మీరు?"

"లెటర్‌హెడ్ మీద పంపండి, చూద్దాం."

"పోయినవాడి లింకు ఇవాళే మార్చమంటారా? సిగ్గుండాలి!"

రెండున్నర దాకా ఒక్కరూ కదల్లేదు. "నాలుగు వేల అబద్ధాలు ఒక్క మీటతో పోయాయి. పన్నెండు నిజాలు కదలడం లేదు," అంది లిడియా.

గుమ్మంలో ప్రకాష్ భార్య జయకుమారి నిలబడి ఉంది. అన్నీ వింటూనే ఉంది.

"ఫోనిటివ్వండి బాబూ."

ఇచ్చాడు.

"వందనాలండి. ప్రకాష్ భార్యని. అవునండి, నాలుగింటికే. దానికి కాదండి చేసింది. మీ సైట్లో ఆయన పేజీ అడ్రసు మార్చాలి. ఇప్పుడే. లేదండి, తర్వాత ఏడుద్దాం, ముందు రాసుకోండి." ఒక్కో అక్షరం చెప్పింది. అవతలివాళ్లు తిరిగి చదివేదాకా పెట్టలేదు. అదే మాట, మళ్లీ మళ్లీ. ఏడో ఫోనుకి గొంతు పోయింది. మంచినీళ్లు తాగి ఎనిమిదోది కలిపింది. త్రినాథ్ తల దించుకున్నాడు.

మూడూ యాభై. పన్నెండోవాడు, పత్తి రైతుల సైటు చూసుకునే ఖాజావలి. "రెండో లైన్లో మోడెం కనెక్ట్ కావట్లేదమ్మా."

"మళ్లీ చేయండి బాబూ. నేను లైన్లోనే ఉంటా."

బయట పేటిక ఎత్తారు. పాస్టరు గారు గుమ్మంలోకొచ్చి ఆగిపోయారు. మూడూ యాభై ఎనిమిది. త్రినాథ్ రిఫ్రెష్ నొక్కాడు. పాత అడ్రసే. మళ్లీ నొక్కాడు. కొత్తది!

నాలుగింటికి సాలీడు వచ్చినట్టు కొత్త పేజీ లాగ్‌లో ఒక లైన్ పడింది. జయకుమారి రిసీవర్ పెట్టేసి, మొహం కడుక్కుని, పేటిక వెనక నడిచింది.

లిడియా చేతులకి బేడీలు పడ్డాయి. "నేను సాయం చేశాను కదా?"

"చేశావు. అదీ రిపోర్టులో రాస్తాను," అన్నాడు త్రినాథ్.

హంతకుడు అప్పటికే చెన్నైలో విమానమెక్కాడు. దొరకలేదు. పది రోజులకి పేరయ్య కొత్త లిస్టు వచ్చింది. మొదట ప్రకాష్ పేజీ. హార్వెస్ట్ పేజీ ఎంత కిందికి వెతికినా లేదు.

బాలస్వామి రిపోర్టు మూశాడు. "ఆవిడ ఫోన్ చేస్తే పన్నెండుమందీ మార్చారు. నీకెందుకు మార్చలేదయ్యా? మన డిపార్ట్‌మెంటు పేరు చెప్పలేదా?"

"చెప్పాను సార్," అన్నాడు త్రినాథ్. "రెండు గంటలు వృథా అయింది అందుకే."