తాటిపెల్లి వారి మూడు దూది పుల్లలు

జైబున్నీసా ఆఫీసు దుబాయి నైఫ్ బజారులో ఒక అత్తరు దుకాణం పైన ఉంది. నెల్లూరి మనిషి. పదిహేనేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి పట్టి విసుగెత్తి, సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టింది. అసిస్టెంటు రమీజ్‌కి ఆమె తుమ్మినా అందులో ఏదో తర్కం కనిపించేది.

2023 అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున దయాకర్ వచ్చాడు. జగిత్యాల వైపు వాడు, జెబెల్ అలీలో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు.

"మేడం, మా అమ్మ పది దినాల సంది గడప దాటలే. నేను మా నాయిన కొడుకును కానని గీ కాగితంల రాసిండ్రు" అన్నాడు.

సంగతేమిటంటే, అతనూ, నర్సు ఉద్యోగం చేసే కరుణా పెళ్లి చేసుకోవాలనుకున్నారు. కరుణ తండ్రి భీమయ్య అదే ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు, దయాకర్ అంటే ప్రాణం. అయితే ఇద్దరి ఇంటిపేరూ తాటిపెల్లే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి కుదరదు. కానీ తాటిపెల్లి ఒక ఊరి పేరు. ఆ ఊరు వదిలి వచ్చిన వాళ్లందరికీ అదే అంటుకుంది. అసలు మూలం ఒకటో కాదో తండ్రి నుంచి కొడుక్కి దిగే డీఎన్ఏ చెబుతుందని తెలిసి, వేరని తేలితే పెళ్లి తానే చేస్తానన్నాడు భీమయ్య.

భీమయ్య గదిలో అతనూ దయాకరూ దూది పుల్లలు బుగ్గల లోపల రుద్ది, ల్యాబుకు పంపడానికి ఒకే డబ్బాలో పెట్టారు. మరో రుజువు ఉంటే మంచిదని దయాకర్ అబుదాబిలో ఉండే తన అన్న గంగారాం చేత విడిగా ఒక పుల్ల పంపించాడు. ఆ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు.

రిపోర్టు వచ్చింది, భీమయ్య గదిలో అందరూ చూశారు. ముగ్గురు మగవాళ్లు, మూడు వేరువేరు మూలాలు. భీమయ్యతో కలవకపోవడం సంతోషమే. కానీ సొంత అన్నతోనూ కలవలేదు. సాయంత్రానికల్లా అది ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో పడింది. ఊళ్లో తల్లి కిష్టవ్వను జనం వేలెత్తి చూపారు. ఆ నింద విని భీమయ్య పెళ్లి ఆపేశాడు.

డబ్బా ఎవరు మూశారని జైబున్నీసా అడిగింది. తానే, మామూలు తెల్ల టేపుతో అన్నాడు దయాకర్. కొరియర్‌కి ఇచ్చింది నరేశ్. భీమయ్యకు బాబాయి కొడుకు వరస, ఫ్రీ జోన్ గోదాములో ప్యాకింగ్ పని.

"రిపోర్టు విని ఆ నరేశ్ ఏమన్నాడు నాయనా?"

"గిది తప్పు, మల్ల చేపియ్యాలె అన్నడు. నా దిక్కు మాట్లాడింది గాయన ఒక్కడే మేడం."

నరేశ్ మంచివాడు అని రమీజ్ రాసుకున్నాడు. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టమంది జైబున్నీసా. దయాకర్ చేత తన కళ్లెదుటే కొత్త పుల్ల రుద్దించి ల్యాబుకు పంపింది. రమీజ్ కొరియర్ ఆఫీసు నుంచి ఆ డబ్బా ఫొటో, రసీదు తెచ్చాడు.

మూడు వారాల తర్వాత భీమయ్య గదిలో అందరూ కూర్చున్నారు. జైబున్నీసా ముందు కొత్త రిపోర్టు చదివింది. దయాకర్ మూలమూ గంగారాం మూలమూ ఒకటే, అన్నదమ్ములే. మొదటిసారి దయాకర్ పేరుతో వెళ్లింది వేరెవరి పుల్లో.

రసీదు ప్రకారం డబ్బా ఒకరోజంతా నరేశ్ దగ్గర ఉంది. ఫొటోలో తెల్ల టేపు మీద గాజుగ్లాసు బొమ్మల ఎర్ర టేపు ఉంది. గోదాముల్లో పగిలే సరుకుకు వేసేది అదే.

"నరేశూ, దయాకర్ అంటే నీకు పడదని మీవాళ్లే చెప్పారు. రిపోర్టు వాడి పరువు తీస్తే నువ్వు సంతోషించాలి. తప్పు తప్పు అని ఎందుకు అరిచావు? ఆ పుల్ల భీమయ్యతో కలిసి తీరాలని నువ్వు నమ్మావు కాబట్టి. కలిస్తే పెళ్లి ఆగుతుందని దయాకర్ పుల్ల తీసేసి నీది పెట్టావు. కలవకపోయేసరికి బిత్తరపోయావు, సాయంత్రం తేరుకుని గ్రూపులో పెట్టావు. కాదంటే ఇదిగో ఇంకో పుల్ల, బుగ్గలో రుద్ది ఇవ్వు."

నరేశ్ పుల్ల అందుకోలేదు.

"పన్నెండేండ్లు అన్న ఎన్క తిరిగిన. కొడుకులు లేని ఇంట్ల నేనే కొడుకు లెక్కుంటి. గీడు అచ్చి రెండేండ్లు గాలే, ఏదడిగినా దయాకరే. నాకు కడుపు మండింది" అన్నాడు. తర్వాత భీమయ్య వైపు తిరిగాడు. "కని నాది కలవాలె గద అన్నా? నేను మన రక్తమే గద?"

భీమయ్య అసలు సంగతి చెప్పాడు. కలరా గత్తర వచ్చిన ఏడాది తల్లీదండ్రీ పోయిన ఒక పిల్లవాణ్ని భీమయ్య ముత్తాత ఇంటికి తెచ్చి సాదుకున్నాడు, తన ఇంటిపేరే ఇచ్చాడు. ఆ పిల్లవాడు నరేశ్ తాత. ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. నొచ్చుకుంటారని ఆ వైపు వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

గంగారాం పుల్ల నిజమైనదే కాబట్టి ఇరు కుటుంబాల మూలాలూ వేరేనని, పెళ్లికి అడ్డేమీ లేదని జైబున్నీసా చెబుతూనే ఉంది గానీ, వినే స్థితిలో ఎవరూ లేరు. దయాకర్ తల్లికి ఫోన్ కలిపి నరేశ్ చేతిలో పెట్టాడు. చేసిందంతా నరేశ్ కిష్టవ్వకు చెప్పాడు. అవతల ఆమె ఏడుపు గదిలో అందరికీ వినబడింది.

ఫోన్ తిరిగిచ్చి, తలుపు దగ్గర ఆగి, "అన్నా" అన్నాడు నరేశ్.

"నువ్వు మా రక్తం కాదని నాకు చిన్నప్పటి సంది ఎర్కనే" అన్నాడు భీమయ్య. "తమ్మునివి కావని ఇయ్యాల్ల ఎర్కైంది."

నరేశ్ చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.