ఎక్కడికని అడగని ఇల్లు

ఎలిశబెతు సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వచ్చింది. వసారాలో పేపరు చదువుతున్న హెబ్రోను, భార్య దాటి వెళ్ళడానికి వీలుగా కాళ్ళు పక్కకు జరిపాడు. ఎక్కడికి అనలేదు, ఎప్పుడొస్తావు అనలేదు. రేపటిక్కూడా పులుసు కాచి పెట్టానని ఆమే చెప్పింది. ఊఁ అన్నాడు. అడిగితే చెబుదామని ఎన్నాళ్ళనుంచో కాచుకుని ఉన్న మనిషి, చెప్పకుండానే మెట్లు దిగింది.

హెబ్రోను బిట్రగుంటలో రైలు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. డ్యూటీకి బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదన్నది అతని తల్లి పెట్టిన కట్టుబాటు. కొత్తకోడలిగా ఎలిశబెతు ఒకసారి నోరు జారితే, అత్తగారు కొడుకును వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి మళ్ళీ పంపింది. పొద్దున్నా సాయంత్రం ప్రార్థన చేసే ఇంట్లో ఈ శకునమేమిటో ఆ ప్రభువుకే తెలియాలి. అత్తగారు పోయింది, డ్యూటీ అయిపోయింది, కూతురు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం మళ్ళీ ఇంట్లోకి రాలేదు.

చర్చి వాళ్ళ వ్యాను సముద్రం ఒడ్డున జాలర్ల పాళేనికి చేరేసరికి ఎండెక్కింది. తుపాను వరద తీసి చాలా రోజులైనా ఇళ్ళనిండా బురదే. ఇక్కడ ప్రసంగాలు వద్దు, చీపుర్లు పట్టండి అని పాస్టరుగారు ముందే చెప్పారు. ఆయన ఫోను మోగుతూనే ఉంది. పక్కకు వెళ్ళి, చేరాం, అందరూ బాగానే ఉన్నారు అని ఎవరికో చెప్పి వస్తున్నారు. తక్కిన ఆడవాళ్ళకూ ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి, తిన్నావా, ఎండలో తిరగొద్దు అని. ఎలిశబెతు తన ఫోను రెండుసార్లు తీసి చూసుకుని సంచిలో అడుక్కి పెట్టేసింది. పోలేరమ్మ అనే ముసలామె ఇంట్లో గోడల మీది బురద గీకుతూ సాయంత్రం దాకా తల ఎత్తలేదు. రాత్రి అందరూ బడిలో పడుకున్నారు.

తెల్లవారి ఆమె పోలేరమ్మ ఇంటికి వెళ్ళేసరికి, కొడుకు సుధాకర్ వల భుజాన వేసుకుని బయటికి వస్తున్నాడు. వరద తర్వాత వేటకు పోవడం అదే మొదలు.

"ఎక్కడికి నాయనా పోతుండావు?" అంది ఎలిశబెతు.

అనేశాక నోరు మూసుకుంది. ఇన్నేళ్ళుగా గొంతులో దాచుకున్న మాట, ఎవరిని అడగకూడదో సరిగ్గా వాళ్ళనే అడిగింది. సుధాకర్ వల దించి అరుగు మీద కూర్చున్నాడు. పోలేరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కాసేపాగి అతను మళ్ళీ లేచాడు.

ఎలిశబెతుకు కన్నీళ్ళాగలేదు. తెలిసి తెలిసీ అడిగానని పోలేరమ్మ చెయ్యి పట్టుకుంది.

"పోనీలేమ్మా," అంది ముసలామె. "నేను ఈ వయసులో యాడికి పోయినా అడిగేవోళ్ళు లేరు. మా ఆయనున్నప్పుడు అడిగితే కసురుకునేదాన్ని."

ఆ రోజు ఎలిశబెతుకు పని సాగలేదు. మాటిమాటికీ నీళ్ళవైపే చూసింది. మధ్యాహ్నానికి పడవ ఒడ్డెక్కితేగాని ఆమె ప్రాణం కుదుటపడలేదు. సుధాకర్ బుట్ట దించి నవ్వాడు. "యాడికని అడిగినావు గదక్కా, ఇదిగో, ఈడికే వచ్చినా."

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి హెబ్రోను అదే కుర్చీలో ఉన్నాడు. వచ్చావా అన్నాడు. పులుసు గిన్నె చూస్తే ముట్టినట్టు లేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"రాత్రంతా ఇంట్లో లేను. యాడుండానో తెలుసా నీకు? చచ్చినానో బతికినానో ఒక్క మాట అడిగినావా?"

అంతలో హెబ్రోను ఫోను మోగింది. చెవులు సరిగ్గా వినపడవని అతను ఎప్పుడూ స్పీకరులోనే పెడతాడు.

"అన్నా, అక్క ఇల్లు చేరిందా?" అది పాస్టరుగారి గొంతు. "ఇంకనన్నా నన్ను నిద్రపోనిస్తావా? రాత్రి కూడా పడుకోనీలేదు గదా నువ్వు."

హెబ్రోను ఫోను పెట్టేశాడు.

"ఆయన్ని అడగడానికి నోరొచ్చిందే," అంది ఎలిశబెతు మెల్లగా. "నన్నడగడానికి రాలేదా?"

"గుమ్మంలో నిలబడుంటావు. అడిగితే యాడ తిరిగి రావో అని భయం," అన్నాడు హెబ్రోను. "నాకింకెవరుండారు?"

ఇన్నేళ్ళూ తనను పట్టించుకోని మొగుడనుకున్నవాడు, తన కోసం భయపడ్డ మనిషని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది. మగాడి పిరికితనం మీద కోపమూ వచ్చింది. రెండూ కలిపి కొంగుతో తుడుచుకుని పులుసు వేడి చేసింది.

తరువాతి శనివారం మళ్ళీ పాళేనికి ప్రయాణం. ఎలిశబెతు సంచి తగిలించుకుని గుమ్మం దాకా వచ్చింది. హెబ్రోను కాళ్ళు జరపలేదు.

"ఎక్కడికి?" అన్నాడు.

ఆమె సంచి దించి అతని పక్కన కూర్చుంది. అతను మోకాళ్ళు పట్టుకుని లేచి, లోపలికెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. వీధిలో వ్యాను హారను కొడుతూనే ఉంది. ఆమె నిదానంగా, ఒక్కొక్క గుక్కే తాగింది.