తీసేసిన మాటలు

"ఊదా" అంటే ఏమిటో నిఘంటువులో వెతకమన్నారు టీచర్. క్లాసంతా పేజీలు తిరగేసింది. అందరూ పిడుగు అని పిలిచే అమ్మాయి మాత్రం తన బ్రెయిలీ యంత్రంలో ఆ మాట టైపు చేసింది. ఆ యంత్రంలో అక్షరాలు చుక్కలుగా పైకి లేస్తాయి. కళ్లు కనిపించని పిడుగు వాటిని వేళ్లతో చదువుతుంది. ఈసారి లేచింది ఒకటే మాట, "దొరకలేదు".

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. శుక్రవారం మాటలు వెతికే నిఘంటువు పోటీ ఉంది. పక్కనున్న అమ్మాయి వెతికి పిడుగు చెవిలో చెబితే సరిపోతుందిలే అన్నారు టీచర్, మంచి మనసుతోనే. పిడుగుకు ఒళ్లు మండింది. తన యంత్రంలోని పుస్తకంతోనే పోటీకి వస్తానని తెగేసి చెప్పింది.

ఇంటికి రాగానే అన్నను నిలదీసింది. సెలవుల్లో నిఘంటువును యంత్రంలోకి ఎక్కించింది అతనే. అందుకు ఇంట్లో అందరూ తెగ మెచ్చుకున్నారు కూడా.

పని తగ్గుతుందని రంగుల పేర్లన్నీ తీసేశానని అన్న ఒప్పుకున్నాడు.

"నీకు రంగులతో పనేముంటుంది అనుకున్నా," అన్నాడు.

"నువ్వెప్పుడైనా తిమింగలాన్ని చూశావా?"

"లేదు."

"మరి ఆ మాట నీ పుస్తకంలోంచి ఎవరైనా తీసేశారా?"

పోనీలే, రంగులే కదా అని అమ్మ సర్దిచెప్పబోయింది. పిడుగు వినలేదు. ఏది కావాలో ఏది అక్కర్లేదో తనే తేల్చుకుంటానంది. సగం పుస్తకం నాకొద్దంటూ యంత్రాన్ని అన్న ఒళ్లో పెట్టేసింది.

అన్నకు తల కొట్టేసినట్టయింది. ఆటకు పిలవడానికి వచ్చిన స్నేహితులను పంపేశాడు. అచ్చు పుస్తకం ముందేసుకుని, వదిలేసిన మాటలు ఒక్కొక్కటే టైపు చేశాడు. "గుడ్డి" దగ్గర చెయ్యి ఆగిపోయింది. చెల్లి బాధపడుతుందని అప్పట్లో దాన్నీ తీసేశాడు. ఇప్పుడూ మనసొప్పలేదు. అయినా ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు.

శుక్రవారం పిడుగు తన యంత్రంతోనే పోటీలో కూర్చుంది. గెలవలేదు. అందరిలాగే వెతికి, అందరిలాగే ఓడింది. దానికే మహా గర్వంగా ఇంటికొచ్చింది.

ఇంకా ఏమైనా దాచాడేమోనని సాయంత్రం అన్న ఎదుటే "గుడ్డి" అని వెతికింది. ఆమె వేళ్లు చుక్కల మీద నెమ్మదిగా కదిలాయి. అన్నకు భయం వేసింది.

"గుడ్డిగా అంటే ఆలోచన లేకుండా అట," అంది పిడుగు. "ఇది రాసేముందు నిఘంటువు వాళ్లు నన్నొక మాట అడగాల్సింది. నేనే వాళ్లకు రాస్తాను. అడ్రసు ఉందా?"

వద్దులే అనబోయాడు అన్న. అనలేదు. అచ్చు పుస్తకం మొదటి పేజీ తీసి, చెల్లి టైపు చేసుకునేలా అడ్రసంతా నెమ్మదిగా చదివాడు.