నీలం టిక్కు

దర్జీ మాస్టరుగారి భార్య చేతిలో ఒక కాగితంతో మెట్లెక్కి లోపలికి వచ్చింది. డిటెక్టివు కళ్లజోడుగారు లేచి కుర్చీ జరిపారు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు; ఆ మందపాటి అద్దాలు చూసి ఊరు పెట్టిన పేరే ఖాయమైపోయింది. ఆయన సహాయకురాలు నర్సమ్మ మంచినీళ్లు తెచ్చింది. ఆమె ఇరవై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసింది. రోగాల సంగతి తనకు తెలుసు, మనుషుల సంగతి మాత్రం ఈయనకే తెలుసునని ఆమె గట్టి నమ్మకం.

"రేపు పదింటికి ఇది డాక్టరుగారి చేతికివ్వాలండీ. దీన్నెవరో మార్చేశారు," అందామె.

తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. మాస్టరుగారి వీపు మీది పుట్టుమచ్చ మెలనోమాగా మారింది. ఆ చర్మ క్యాన్సరు ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకింది. ఒంట్లోని రోగనిరోధక శక్తినే రోగం మీదికి ఉసిగొలిపే మందుల జోడీలు రెండున్నాయి, ఈయనకు రెండూ ఇవ్వవచ్చు, ఇంట్లో మాట్లాడుకుని ఒక గడిలో టిక్కు పెట్టి తెమ్మన్నారు డాక్టరుగారు. నిన్న సాయంత్రం మాస్టరుగారు భార్య ఎదుటే మొదటి గడిలో నీలం టిక్కు పెట్టారు. ఈ ఉదయం చూస్తే ఆ గడి ఖాళీ. రెండో గడిలో నల్ల టిక్కు ఉంది. అడిగితే, నేనే పెట్టాన్లే అంటూ ఆయన ముఖం తిప్పుకున్నారట.

ఇంట్లో మూడో మనిషి ఆమె తమ్ముడు. దుకాణంలో ఇస్త్రీ పని అతనిదే. మొదటి జోడీ వద్దంటే వద్దని వారం రోజులుగా బావగారిని పోరుతున్నాడు.

"వాడే చేశాడని మాత్రం చెప్పకండి," అంటూ ఆమె కళ్లొత్తుకుంది. "చేసుంటే మాత్రం దాచకండి."

రెండింటికీ తేడా ఏమిటని కళ్లజోడుగారు నర్సమ్మను అడిగారు. మొదటి జోడీ పాతది, పదేళ్ల తర్వాత కూడా ఎంతమంది నిలబడ్డారో లెక్క తెలుసు. కానీ సగానికి పైగా మందిని పేగుల వాపో, కాలేయం వాపో, మరొకటో గట్టిగానే పట్టుకుంటుంది. రెండోది ఒంటిని అంతగా బాధపెట్టదు, అయితే కొత్తది, అన్నేళ్ల అనుభవం లేదు. ఏది మేలో ఎదురెదురుగా పెట్టి ఇంకా ఎవరూ తేల్చలేదని నర్సమ్మ చెప్పింది.

కాగితాన్ని ఆయన కిటికీ వెలుగుకు ఎత్తి పట్టారు. నర్సమ్మ కూడా తొంగిచూసింది. మొదటి గడిలో రుద్దిన జాడ లేదు, నీలపు మసక లేదు. మడతలన్నీ సాపుగా అణిగిపోయాయి. గడి మధ్యలో నూనె మరకలాంటిది మాత్రం లీలగా మెరిసింది. తింటూ పట్టుకుని ఉంటారని ఆమె తేల్చేసింది. కళ్లజోడుగారు ఆ మెరుపును వేలితో తడిమి చూశారు.

మధ్యాహ్నం ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. మాస్టరుగారు బక్కచిక్కిపోయారు గానీ చేతిలో కత్తెర తడబడడం లేదు. కోటు గుడ్డ మీద ఆయన నీలం మైనపు సుద్దతో గీత గీశారు. భార్య వచ్చి చూసి, మారుమాట లేకుండా అరచేత్తో దాన్ని దులిపేసింది. ఆయనా కిక్కురుమనకుండా అరంగుళం పక్కన మళ్లీ గీశారు. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస అని తమ్ముడు నవ్వాడు. బల్ల మీద కుడిపక్కన ఉన్న చొక్కా తీసి ఇస్త్రీ చేశాడు. ఇస్త్రీపెట్టె తగిలిన చోట నీలం గీతలు మాయమయ్యాయి.

కళ్లజోడుగారు ముగ్గురినీ కూర్చోమన్నారు.

"మాస్టరుగారూ, మొదటి టిక్కు దేంతో పెట్టారు?"

"సుద్దతోనేనండి. మొదటి గీత ఎప్పుడూ దాంతోనే. ఖాయమయ్యాకే పెన్నూ, కత్తెరా."

"ఆ కాగితం ఎక్కడ పెట్టారు?"

"మడిచి, ఈ బల్ల మీదే." ఆయన చేత్తో కుడివైపు చూపించారు.

తమ్ముడు తల దించుకుని ఒప్పుకున్నాడు. కుడిపక్కన ఏముంటే అది తెల్లారేసరికి ఇస్త్రీ చేయడం అతని అలవాటు. డాక్టరుగారికిచ్చే కాగితం నలిగి ఉందని దానికీ పెట్టె తగిలించాడు. తెల్లవారగానే రేగిన గొడవ చూశాక భయపడి చెప్పలేదు.

కళ్లజోడుగారు కాగితాన్ని గుమ్మం వెలుగులో పట్టుకున్నారు. నర్సమ్మ నూనె మరక అనుకున్నది టిక్కు ఆకారంలో మెరిసింది. కాగితంలోకి కరిగి ఇంకిపోయిన మైనం అది. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఈయన కళ్లు తనకెప్పుడొస్తాయో అని నర్సమ్మ అనుకుంది.

"చేత్తో చెరిపి ఉంటే నీలపు మసక మిగిలేది," అన్నారాయన. "మీరు ఉదయం లేచారు. గడి ఖాళీ. ఎవరు చెరిపారనుకున్నారు?"

మాస్టరుగారు భార్య వైపు చూశారు. "నీకిష్టం లేదేమో, నువ్వే దులిపేశావనుకున్నా. నువ్వు చెరిపితే నేనెప్పుడైనా ఎందుకని అడిగానా? పక్కన గీశాను."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"గుడ్డ మీద గీతలు చెరిపాను గానీ, మీ ప్రాణం మీద గీసుకున్న గీత నేనెలా చెరుపుతానండీ?"

నర్సమ్మకు కళ్లు చెమర్చాయి. దొంగ లేడు, ద్రోహి లేడు. ఒకరినొకరు నొప్పించకూడదని ఊరుకున్న మనుషులే ఉన్నారు. ఆమె మాస్టరుగారి పక్కన కూర్చుని, ఎవరి మనసులో ఏముందన్నది పక్కనపెట్టి మీకేం కావాలో చెప్పమంది.

ఆయన కాగితాన్ని దగ్గరకు లాక్కున్నారు. "మొదటిదే. భయంగానే ఉంది. ఎక్కువకాలం చూసిన దారి గదా, దాని మీదే వెళ్లాలనుంది. రెండోది పుచ్చుకుని, మొదటిది వాడుంటే బావుండేదేమోనని రోజూ అనుకోలేను."

విరేచనాలైనా, దద్దురు లేచినా, ఆయాసం వచ్చినా ఓర్చుకోకుండా వెంటనే ఆసుపత్రికి చెప్పాలని నర్సమ్మ హెచ్చరించింది. బావగారు చెప్పకపోతే తానే ఫోను చేస్తానన్నాడు తమ్ముడు. ఇక పోరనని కూడా అన్నాడు.

మాస్టరుగారు నల్ల టిక్కు కొట్టేయడానికి అలవాటుగా సుద్ద అందుకున్నారు. భార్య దాన్ని ఆయన వేళ్లలోంచి తీసుకుని పెన్ను పెట్టింది. ఆయన నల్ల టిక్కు కొట్టేసి మొదటి గడిలో గీయబోతే, నిన్నటి మైనం మీద పెన్ను జారింది. ఆయన నొక్కిపట్టి మళ్లీ గీశారు. తర్వాత కాగితాన్ని ఆమె ముందుకు జరిపి, ఎప్పటిలాగే ఎదురుచూశారు.

ఆమె అరచెయ్యి ఆ గీత మీదికి వెళ్లలేదు. ఆయన చేతిమీద ఆగింది.