మేడగది నుంచి దిగివచ్చిన బొగ్గు

మా తాతగారు బడిపంతులు. జీతం ఇచ్చుకోలేని పిల్లలకు తన వాకిట దీపం పెట్టి చదువు చెప్పిన మనిషి. ఊరంతా జ్వరాలతో మూలిగిన ఏడు ఇంటింటికీ మందు మోసినది మా నాయనమ్మ. విన్న మాటకు ఉప్పూ కారమూ కలపరాదని వారే మాకు నేర్పారు. కనుక మా అక్క చెప్పినదానిని చెప్పినట్లే చెబుతున్నాను.

అక్కగారింటి మేడగదికి చెడ్డపేరు ఉన్నది. గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకరు అందులో అద్దెకుండేవారు. నోట్లో చుట్ట ఆరకముందే ఆయన ప్రాణం ఆరిపోయిందని చెప్పుకొనేవారు. అటుపైన ఆ గదిలో ఎవరూ నిలవలేదు. చీకటి పడితే ఆ మెట్లవైపు చూసేవారు కూడా లేరు... "ఆ గది జోలికి పోకండి" అని అందరికంటె ఎక్కువగా హెచ్చరించేవారు మా బావగారే.

బావగారు రైలు గార్డుగా పనిచేసి పదవీవిరమణ చేశారు. రొమ్ములో నెమ్ము చేరినందున డాక్టరు ఆయనచేత చుట్ట మాన్పించాడు. నాటినుంచి భోజనం కాగానే తలదాకా దుప్పటి కప్పుకొని పడుకొనేవారు. ఎంత బుద్ధిమంతుడో అని అక్క మురిసిపోయింది.

ఆ ఇంట రెండు పిల్లులు: నల్లది బొగ్గు, తెల్లది దూది. వీధి గడప దాటి ఎరుగవు. ఒకే పళ్ళెంలో తిని, ఒకదాని కడుపుమీద మరొకటి తలపెట్టుకొని నిద్రించేవి. తోడబుట్టినవారికైనా అంత పొత్తు ఉండదు.

అటువంటిది — ఒక రాత్రి, మేడమెట్లమీద నుంచి బొగ్గు మెల్లగా దిగివస్తున్నది. దూది లేచి నిలబడింది. వీపు విల్లయింది... తోక సీసాలు కడిగే కుంచెలా ఉబ్బింది... ఒక్క దూకు! తెల్లబొచ్చూ నల్లబొచ్చూ కలిసి గదంతా ఎగిరాయి.

మరునాటి రాత్రీ అంతే. పగలు సైతం ఒకదాని నీడ మరొకదానికి గిట్టలేదు.

"అత్తయ్యా, వాసన చూడండి," అని గొణిగింది అక్క కోడలు. ఒడిలో నెలల బిడ్డ. "చుట్టవాసన... బొగ్గు ఒళ్ళంతా."

"మీ మావయ్య మానేశారుగా!"

"అందుకే చెబుతున్నా. ఇది ఆ ముసలాయన వాసన. దూదికి కనిపిస్తున్నాడు, మనకి కనిపించట్లేదు. పొద్దున్నే బొగ్గుని ఎక్కడైనా దూరంగా వదిలేసి రావాలి. చంటిదాన్ని పెట్టుకుని నేనిక్కడ ఉండలేను."

కళ్ళైనా తెరవని బొగ్గుకు చెంచాతో పాలు పట్టి పెంచిన చేయి అక్కది. గడప ఎరుగని పిల్లి వీధికుక్కల నడుమ ఒక్క పూటైనా బతుకుతుందా? కానీ, పసిబిడ్డ మాట వచ్చిన తరువాత ఏమనగలదు? తెల్లవారగానే తీసుకుపోవడానికి ఆ రాత్రే బుట్ట తెచ్చింది.

బొగ్గును అందులో కూర్చోబెట్టి మూత వేయబోయారు. అది ఒక్క అరుపు అరిచింది — చంటిబిడ్డ ఏడ్చినట్లు.

అప్పుడు... మేడమీద తలుపు కిర్రుమన్నది.

దగ్గు. ఒకటి... మళ్ళీ ఒకటి...

చీకటిలో, పైమెట్టు దగ్గర, ఎర్రని చుక్క వెలిగింది. అది ఒక మెట్టు దిగింది. మరొక మెట్టు...

"దాన్ని... వదిలెయ్యండి..."

కోడలు బిడ్డను గుండెకు అదుముకొన్నది. అక్క పడకగదివైపు తిరిగి పిలిచింది: "ఏమండీ... లేవండీ..."

"లేచే ఉన్నానే!" అన్నది మెట్లమీది గొంతు.

బావగారు! చేతిలో చుట్ట. పడకగదిలో దుప్పటి కప్పుకొని బుద్ధిగా నిద్రిస్తున్నవి రెండు దిండ్లు.

"నేను పైకెళ్తే అది కూడా వెనకే వచ్చి ఒళ్ళో కూర్చునేది," అన్నారాయన తలవంచుకొని. "పొగంతా దాని బొచ్చుకి పట్టింది. దూది పాపం దాన్ని పోల్చుకోలేకపోయింది, ఎవరో కొత్త పిల్లి అనుకుంది. నన్ను తిట్టు, కొట్టు. దాన్ని మాత్రం పంపకు."

"చచ్చి దెయ్యాలైనవాళ్ళ గురించి విన్నాను గానీ, బతికుండగా దెయ్యమైన మొగుణ్ణి ఇప్పుడే చూస్తున్నా!"

కోడలు ముందు నవ్వింది. ఆ తరువాత చేయిచాచి మావగారి చుట్టల డబ్బా తీసుకొన్నది.

అక్క బొగ్గును తడిగుడ్డతో తుడిచింది. ఆపైన ఒక పొడి తువ్వాలు తెచ్చి దూది చెంపలు రుద్ది, ఆ వాసన పట్టేలా దానితోనే బొగ్గు ఒళ్ళు రుద్దింది. బావగారి మీసాలను కూడా వదలలేదు. పిల్లులను వేర్వేరు గదులలో ఉంచి, మూసిన తలుపుకు చెరొకవైపున పళ్ళేలు పెట్టింది. పిల్లులు కలవడానికి కొన్నాళ్ళు పట్టింది. అక్కా బావగారూ కలవడానికి అంతకంటె ఎక్కువే పట్టింది.

ఆ పద్ధతిని అక్క నాకు చెప్పింది. నేను నా కూతురికి చెప్పాను. నిరుడు నా మనవరాలికి కూడా చెప్పి, మంచి తువ్వాలు ఒకటి చేతిలో పెట్టాను. ఆమె ఇంట పిల్లులు లేవు; తోడికోడలు ఉన్నది.